బండి అమ్మే ముందు ఒక్కసారి మిస్సింగ్ రప్పించి చూడు

సలాలా,
ఆగస్టు 19

చిరంజీవి తమ్ముడికి అన్నయ్య ఆశీస్సులు.

ఇక్కడ నేను క్షేమం. అమ్మ, నాన్న, మరదలు, పిల్లలు అందరూ క్షేమమని తలుస్తాను. టెక్కలి కుర్రాడి చేత నువ్వు పంపిన ఉత్తరం, అమ్మ పెట్టిన ఆవకాయ సీసా నిన్న సాయంత్రం చేరాయి. సీసా మూత తియ్యకముందే ఉత్తరం చదివాను. చదివాక అన్నం సహించలేదు.

మన డీజిల్ బండి కొండదారి ఘాటు ఎక్కేటప్పుడు మిస్సింగ్ కొడుతోందని, అంటే ఇంజను దెబ్బ తప్పి కుదుపుతోందని, మేస్త్రి డీజిల్ పంపు మార్చాక నాలుగు రోజులు బాగుండి మళ్లీ మొదలైందని, ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు మార్చినా అదే వరస అని రాశావు. ఇప్పుడు ఇంజను దింపాలంటున్నాడని, ఆ ఖర్చుకన్నా బరంపురం వ్యాపారికి బండి అమ్మేయడం మేలని రాశావు. నాన్న మాత్రం ఏమీ అనలేదని రాశావు. ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. 1996లో ఆ బండి ఇంటికి వచ్చిన రోజు నీకు మూడేళ్లు. నాన్న నిన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి నిమ్మకాయలు తొక్కించాడు. నా చదువు, అక్క పెళ్లి, నా ఒమాన్ వీసా, అన్నీ ఆ బండి చక్రాల మీద నడిచినవే. దాని గురించి నాన్న ఏమీ అనలేదంటే ఒప్పుకున్నాడని కాదు.

అందుకే ఈ ఉత్తరం. ఫోనులో చెబితే సగం గాలికి పోతుంది. దీన్ని మడిచి బండిలో పెట్టుకో.

ముందు ఇక్కడ నాకు జరిగింది విను. జూన్ చివరి నుంచి సెప్టెంబరు మూడో వారం దాకా ఈ కాలాన్ని వీళ్లు ఖరీఫ్ అంటారు. మనకు ఖరీఫ్ అంటే పంట, వీళ్లకు మంచూ తుంపరా. ఒమాన్ మిగతా అంతా మండిపోతుంటే ఈ దోఫార్ కొండలు మాత్రం పచ్చబడతాయి. కొబ్బరి, అరటి, బొప్పాయి చూసి మొదటి ఏడాది మహేంద్రగిరి కింద ఉన్నట్టే అనిపించింది. కొండ ఎక్కి అవతలికి దిగితే తుమ్రైత్, సలాలాకు 80 కిలోమీటర్లు. ఇవతల వైపర్ వెయ్యనిదే దారి కనిపించదు. అవతల ఇసుక, ఎండ, చుక్క తడి ఉండదు.

మా షెడ్డులో ఒక పాత జపాన్ పికప్ ఉంది. పెట్రోలు బండి, నాలుగు సిలిండర్లు, పెట్రోలూ గాలీ కలిపే కార్బొరేటర్, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్. తుమ్రైత్‌కు సామాన్లు వేసుకుని వారానికి రెండుసార్లు నేనే నడుపుతాను. జూలైలో ఒకరోజు కొండ సగం ఎక్కాక మూడో గేరులో కాలు నొక్కితే వెక్కిళ్లు పట్టినట్టు కుదపడం మొదలుపెట్టింది. కాలు తీస్తే సర్దుకుంది, నొక్కితే మళ్లీ వెక్కింది. కొండ దాటాక ఏమీ లేదు. తిరిగి వచ్చి షెడ్డు ముందు గంటసేపు స్లోలో, అంటే బండి కదలకుండా ఇంజను ఊరికే తిరిగేలా పెట్టినా ఒక్క దెబ్బ తప్పలేదు.

అప్పుడు నేను చేసింది మన మేస్త్రి చేసిన పనే. ప్లగ్గులు మార్చాను. పెట్రోలు ఫిల్టర్ మార్చాను. చివరికి కార్బొరేటర్ విప్పి కడిగాను. ఆ తర్వాత రెండు ప్రయాణాలు బండి మల్లెపువ్వులా నడిచింది. కార్బొరేటర్‌దే తప్పని అందరికీ చెప్పుకున్నాను. మూడో ప్రయాణంలో అదే వంపు దగ్గర మళ్లీ పట్టుకుంది. తరువాత నా చిన్న పుస్తకంలో తారీకులు చూసుకుంటే, ఆ రెండు ప్రయాణాలూ మంచు విడిచిన మధ్యాహ్నాలు. ఎండ చేసిన పనికి నేను పేరు తెచ్చుకున్నాను.

తమ్ముడూ, నేను చెప్పదలచినదంతా ఇక్కడే ఉంది. వచ్చీ పోయే జబ్బు దానంతట అది పోతుంది. పోయిన రోజున మన చేతిలో ఏ సామాను ఉంటే దానికి పేరు వస్తుంది. మనం కోరినప్పుడు దాన్ని రప్పించగలగాలి, మళ్లీ మనం కోరినప్పుడు పోగొట్టగలగాలి. అప్పుడే కారణం తెలిసినట్టు. అంతవరకు ఒక్క సామానూ కొనకూడదు.

ఈ మాట నాకు నేర్పింది మా ఉస్తాద్, అంటే పనిలో గురువు. పెషావరు మనిషి, అరవై దాటాయి. ఆయన పానా ముట్టలేదు. స్టూలు మీద కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టాడు. ఇంజను చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? బరువు మీదా, ఖాళీగానా? తడిలోనా, పొడిలోనా? ట్యాంకులో ఎంత ఉన్నప్పుడు? సగానికి నా దగ్గర జవాబు లేదు. పది రోజులు ప్రతి ప్రయాణం రాయమన్నాడు. రాశాక కాగితం తనే మాట్లాడింది. తడి ఒక్కటే ఉంటే తప్పడం లేదు, ఎక్కుడు ఒక్కటే ఉన్నా తప్పడం లేదు. రెండూ కలిసినప్పుడే తప్పుతోంది.

అది ఎందుకో ఆయన చెప్పిన పద్ధతి నాకు బాగా నచ్చింది. ప్లగ్గుల కోసం వోల్టులు పెంచే కాయిల్ నుంచి వచ్చేది వేల వోల్టుల కరెంటు. సులువైన దారి ఎటుంటే అటు పోతుంది. స్లోలో సిలిండర్‌లో ఒత్తిడి తక్కువ కాబట్టి ప్లగ్గు సందు దూకడం దానికి సులువు. ఎక్కుడులో కాలు నొక్కితే సిలిండర్ నిండా గాలి చేరి ఒత్తిడి పెరుగుతుంది, అదే సందు దూకడానికి ఎక్కువ వోల్టులు కావాలి. అప్పుడు ఇంకెక్కడైనా తడి పట్టిన పగులు ఉంటే కరెంటు ప్లగ్గును వదిలేసి అటు జారుకుంటుంది. షెడ్డు ముందు స్లోలో ఎన్ని గంటలు విన్నా వినిపించని కారణం ఇదే.

స్లోలో ఒక్కొక్క ప్లగ్గు వైరు తీసి చూసే పరీక్ష నీకూ తెలుసు. తీసినా చప్పుడు మారకపోతే ఆ సిలిండర్ పని చేయడం లేదని. మాకు నాలుగూ మారాయి. ఎప్పుడూ తప్పే సిలిండర్‌ను ఆ పరీక్ష పట్టుకుంటుంది, అప్పుడప్పుడు తప్పేదాన్ని పట్టుకోలేదు. కంప్రెషన్, అంటే సిలిండర్లు గాలిని ఎంత ఒత్తుతున్నాయో చూశాం, నాలుగూ 160 పౌండ్లకు అటూ ఇటూ ఉన్నాయి. అంటే వాల్వులు, రింగుల జోలికి పోనక్కరలేదు. ప్లగ్గు వైర్లు కరెంటును ఎంత అడ్డుకుంటున్నాయో మీటరుతో కొలిచాం. ఈ బండికి ఒక్కో వైరు 25 కిలో ఓములు దాటకూడదు, నాలుగూ లోపే ఉన్నాయి.

ఆ రాత్రి తొమ్మిది దాటాక షెడ్డు దీపాలన్నీ ఆర్పేశాం. నాకు తోడు గంజాం కుర్రాడు ఒకడు. వాడికి తెలుగు రాదు, నాకు బడిలో నేర్చిన ఒడియా ఉంది కాబట్టి ఇద్దరం ఇక్కడ ఒక ఊరివాళ్లలా ఉంటాం. వాడు లోపల కూర్చుని యాక్సిలరేటర్ ఉండుండి ఒక్కసారిగా నొక్కుతున్నాడు. నేను మొక్కలకు చల్లే చిన్న సీసాతో నీళ్లు పొగలాగా కొడుతున్నాను. ముందు వైర్ల మీద కొట్టాను, ఏమీ లేదు. కాయిల్ మీద కొట్టాను, ఏమీ లేదు. డిస్ట్రిబ్యూటర్ మూత మీద కొట్టగానే ఇంజను దగ్గింది. చూస్తే మూత మీద ప్లగ్గు వైరు దూర్చే 4వ నంబరు కొమ్ము మొదట్లోంచి పక్కనున్న 2వ నంబరు కొమ్ముకు నీలంగా ఒక సన్నని దారం పాకుతోంది. వెంట్రుకంత ఉంటుంది. చిటపటమని చప్పుడు. కుర్రాడు కాలు తీస్తే మాయం, నొక్కితే ప్రత్యక్షం. గుడ్డతో తుడిచి ఆరబెట్టాం, నొక్కినా తప్పలేదు. మళ్లీ నీళ్లు కొట్టాం, తప్పింది. మూడుసార్లు అలా రప్పించి పోగొట్టాం. ఉస్తాద్ అప్పుడు తల ఊపాడు.

ఉదయం మూత విప్పి వెలుతురులో చూశాను. లోపలివైపు పెన్సిలుతో గీసినట్టు నల్లని గీత. అంతకుముందు కూడా ఆ గీత చూశాను, మసి అనుకుని వేలితో రుద్ది వదిలేశాను. రుద్దితే పోని మసి కరెంటు నడిచిన దారి. పక్కనే కనీకనబడని పగులు, అందులోకి సముద్రపు ఉప్పు తడి. కొత్త మూతకు నాలుగు రియాళ్లు. అంతకుముందు నేను అనవసరంగా కొనిపించిన సామాన్లకు ఇరవై ఎనిమిది.

కొత్త బండ్లు వస్తే ఇక్కడ స్కానర్ పెడతారు. పీ 0302 అని చూపిస్తే రెండో సిలిండర్ తప్పుతోందని అర్థం. ఎక్కడ అన్నది అది చెబుతుంది, ఎందుకు అన్నది మళ్లీ మనమే వెతకాలి. ఆ అంకె చూసి వెంటనే కాయిల్ కొనేవాళ్లను రోజూ చూస్తున్నాను.

ఇక మన బండి. అది డీజిల్, దానికి ప్లగ్గు కరెంటు లేదు, కాబట్టి నీళ్లు కొట్టి లాభం లేదు. పద్ధతి మాత్రం అదే. నీ ఉత్తరంలోనే ఒక ఆనవాలు ఉంది. నౌపడా వైపు చదును రోడ్డు మీద ఎంత బరువు వేసినా తప్పడం లేదని, ఆర్. ఉదయగిరి ఘాటులో మాత్రమే తప్పుతోందని రాశావు. నేను అడిగేది ఒక్కటే. పంపు మార్చిన రోజు ట్యాంకు నిండా కొట్టించావా? ఎవరైనా అదే చేస్తారు, ట్రయల్ కదా. నాలుగు రోజుల్లో ట్యాంకు సగానికి దిగి ఉంటుంది. సరిగ్గా అప్పుడే మళ్లీ మొదలైంది. నాజిళ్లు మార్చిన రోజు కూడా నింపావేమో గుర్తు తెచ్చుకో.

నా అనుమానం ట్యాంకులోని పీల్చే గొట్టం మీద, లేదా అక్కడి నుంచి పంపు దాకా వచ్చే పైపు జాయింట్ల మీద. గొట్టానికి పైభాగంలో పగులు ఉంటే, డీజిల్ ఎత్తు దానికి మించి ఉన్నంతసేపు గొడవ లేదు. మట్టం తగ్గి, బండి ముక్కు పైకి లేచి, డీజిల్ వెనక్కు జరిగితే ఆ పగులు గాలి పీలుస్తుంది. పీల్చేవైపు పగిలితే బయటికి చుక్క కారదు, గాలే లోపలికి పోతుంది. అందుకే కింద పడుకుని చూసినా నీకు తడి కనిపించదు.

ఇలా చెయ్యి. ఒక వారం రోజులు ట్యాంకు ఎంత ఉంది, ఏ వంపు దగ్గర తప్పింది, పొగ ఏ రంగు అన్నది రాయి. తెల్ల పొగ అయితే డీజిల్ కాలకుండా పోతోందని అర్థం. ఫిల్టర్ గిన్నె అడుగు మర విప్పి గాజు గ్లాసులోకి కొంచెం వదులు. వానాకాలం కదా, నీళ్లుంటే అడుగున వేరుగా కనబడతాయి. తరువాత ట్యాంకు నుంచి వచ్చే పైపు మధ్యలో అడుగు పొడవున లోపలిది కనబడే ప్లాస్టిక్ పైపు వేసి, ట్యాంకు తక్కువగా ఉన్నప్పుడు ఘాటు ఎక్కు. తప్పిన చోట ఆపి చూడు, బుడగలు కనబడాలి.

బుడగలు కనబడినా అంతటితో నమ్మకు. ఒక పది లీటర్ల డబ్బాలో డీజిల్ పోసి వెనక ట్రాలీలో గట్టిగా కట్టు. ట్యాంకును వదిలేసి ఆ డబ్బా నుంచి నేరుగా పంపుకు పైపు వెయ్యి. మిగిలిన డీజిల్‌ను వెనక్కి తెచ్చే రిటర్న్ పైపు కూడా అందులోకే తిప్పు, లేకపోతే సగం దారిలో డబ్బా ఖాళీ అవుతుంది. అదే బరువుతో అదే ఘాటు ఎక్కు. మిస్సింగ్ లేకుండా ఎక్కిందా, దిగి వచ్చి ట్యాంకు పైపు మళ్లీ తగిలించి ఇంకోసారి ఎక్కు. తప్పిందా, అదే కారణం. ఆ గొట్టం వెల్డింగు చేసేవాడికి గంట పని, రాగి వాషర్లకు పదుల్లో ఖర్చు.

డబ్బా మీద కూడా తప్పితే అప్పుడు నాజిల్ యూనియన్లు, అంటే నాజిళ్ల పైపులు బిగించే నట్లు, ఒక్కొక్కటి వదులు చేసి ఏ సిలిండర్ అన్నది చూడాలి. అది మాత్రం మేస్త్రి చేత చేయించు, నువ్వు చెయ్యి పెట్టకు. ఆ ఒత్తిడికి డీజిల్ తుంపర చర్మంలోకి దూసుకుపోతుంది.

ఘాటు ఎక్కేటప్పుడు నాన్నను పక్కన కూర్చోబెట్టుకో. గిడుగు రామమూర్తి గారు మన పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, విని విని ఆ భాష నేర్చుకున్నారని బడిలో చెప్పేవారు. నాన్న ఆ ఇంజను చప్పుడు అలాగే నేర్చుకున్నాడు. నాలుగింటిలో ఏది తప్పిందో నీకూ నాకూ తెలియకముందే ఆయన చెబుతాడు. మోకాళ్లు నొప్పి అంటాడు, రానంటాడు. రెండోసారి అడుగు.

వ్యాపారికి దసరా దాకా ఆగమని చెప్పు. బయానా ఏమైనా తీసుకుని ఉంటే తిరిగి ఇచ్చెయ్యి, ఆ డబ్బు నేను ఈ నెల జీతంతో పంపుతాను. అమ్మతో ఆవకాయ ఘాటు తగ్గలేదని చెప్పు. పిల్లలకు ముద్దులు.

ఎక్కిన రోజు రాత్రి ఎంత పొద్దుపోయినా ఫోను చెయ్యి. డబ్బా కట్టడానికి నా పాత సైకిలు ట్యూబులు అటక మీద, ఎర్ర ట్రంకు పెట్టె వెనక ఉన్నాయి.

ఇట్లు,
మీ అన్నయ్య