లైబ్రరీ గోడకు మైదా బంక

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన శనివారం పిల్లలు యూనిఫాంల నిండా తెల్లటి బంక పూసుకుని ఇంటికొచ్చారని కొందరు ఫోన్ చేశారు. అసలు సంగతి ఇది.

లైబ్రరీ గదిలో సున్నం రాలిపోతోంది. గోడకు ఆనుకుని చదువుకునే ప్రతి పిల్లవాడి వీపూ తెల్లబడుతోంది. రంగులు వేయించేలోగా గోడకు ఖాకీ కాగితం అంటించి, దానిమీద తమ బొమ్మలు పెడతామని ఏడో తరగతి వాళ్ళు అడిగారు. రెండు గోడలకు సరిపడా జిగురు డబ్బాలు కొనాలంటే ఎంతవుతుందో లెక్కేసి, మైదా ఉడికిద్దాం అన్నాను. సినిమా పోస్టర్లు అంటించేవాళ్ళు సైకిలుకు బకెట్టు తగిలించుకుని తిరిగేవారు, గుర్తుందా? ఆ బకెట్టులో ఉండేది ఇదే. గోడమీది పోస్టర్లను మేకలు పీక్కుని తినేదీ అందుకే.

మొదటి గిన్నె పాడుచేసింది నేనే. మరిగే నీళ్ళలో పొడి పిండి గుమ్మరించాను. అంతా ఉండలే. రాగిజావ కాచే ఆయమ్మ చూసి, "చన్నీళ్ళలో కలుపుకోకుండా పోస్తే ఉండలు కట్టక ఏం చేస్తుంది సారూ" అని గరిటె లాక్కుంది. ఆమె పద్ధతే రాస్తున్నాను: గ్లాసు మైదాను గ్లాసు చన్నీళ్ళలో దోసెపిండిలా కలపాలి. మూడు గ్లాసుల నీళ్ళు మరిగించి, మంట తగ్గించి, కలిపిన పిండిని సన్నని ధారగా పోస్తూ తిప్పుతూనే ఉండాలి. తెల్లదనం పోయి గాజులా మెరుపు రాగానే దించేయాలి. పిల్లలు థర్మామీటరు పెట్టి చూశారు. అరవై డిగ్రీలు దాటే దాకా పాలలా ఉన్నది ఆ తర్వాత చిక్కబడడం మొదలైంది. పిండిరేణువులు వేడికి నీళ్ళు తాగి ఉబ్బి, పగిలితేనే జిగురు వస్తుంది. చన్నీళ్ళలో ఎంత కలిపినా ఇంత పట్టు రాదు.

బంక కుదిరింది, గోడ కుదరలేదు. సాయంత్రం అంటించిన కాగితాలు సోమవారం పొద్దున్నకు నేలమీదున్నాయి, వెనకాల పొరలు పొరలుగా సున్నంతో సహా. బంక వదల్లేదు, సున్నమే గోడను వదిలేసింది. మళ్ళీ కొబ్బరి చిప్పలతో గోడ గీకి, తడిగుడ్డతో తుడిచి, బంకను గంజిలా పలచన చేసి ఒక పూత పూసి ఆరనిచ్చాం. ఈసారి కాగితానికి బంక రాశాక ఐదు నిమిషాలు ఆగాం. తడికి కాగితం సాగుతుంది. ఆ సాగేదేదో గోడెక్కకముందే సాగితే ముడతలు తగ్గుతాయి. పొడిగుడ్డతో మధ్యనుంచి అంచులకు నొక్కుతూ పోతే గాలి బుడగలు బయటికి పోయాయి. ఇప్పుడు ఒక గోడ పూర్తయింది. చెమ్మ ఉన్న కిటికీ గోడను వదిలేశాం, అక్కడ బూజు పట్టక మానదు.

ఒక ముఖ్యమైన మాట. పురుగు పట్టకుండా బంకలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేయమని ఒక తండ్రి సలహా ఇచ్చారు. బైండింగు చేసేవాళ్ళు వేస్తారు, నిజమే. కానీ అది విషం. పిల్లలు చేతులతో కలిపే గిన్నెలో వేయనివ్వను. తెగుళ్ళకు పంటలమీద కొట్టే బోర్డో మిశ్రమం కోసం మైలుతుత్తం ఇంట్లో తెచ్చుకున్నవాళ్ళు దయచేసి పొట్లం కట్టి పంపకండి. మేము చిటికెడు పటిక వేసి, రెండు రోజులకు మించి నిలవ ఉంచకుండా వాడుతున్నాం.

తినే పిండిని గోడకు పూస్తారా అని ఒక అమ్మమ్మగారు అడిగారట. అడగాల్సిన మాటే. మేము వాడింది పురుగు పట్టి, జల్లించినా వంటకు పనికిరాని మైదా. మీ ఇంట్లో అలాంటిది ఉంటే పంపండి, మంచిది పంపొద్దు. పాత నూలుగుడ్డలు, వెనకవైపు ఖాళీగా ఉన్న క్యాలెండర్లు కూడా కావాలి.

రెండో గోడ పని వచ్చే శనివారం మధ్యాహ్నం మూడింటికి. పొడుగ్గా ఉన్న నాన్నలు ఇద్దరు ముగ్గురు వస్తే పై వరుస అందుతుంది, పిల్లల్ని నేను బల్లలెక్కనివ్వడం లేదు. ఇక యూనిఫాం మీద ఎండిన బంకను గోళ్ళతో గీకకండి. అరగంట నీళ్ళలో నానబెడితే దానంతటదే వదులుతుంది.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయుడు