ఆక్సిజన్ ఉంది, గొంతు దాటే దారే లేదు

ఒడిశా ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను గజపతి జిల్లా పర్లాకిమిడి మనిషిని. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడుతూ పెరిగినదాన్ని. ఇరవై ఆరేళ్లు ఆపరేషన్ థియేటర్లలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. గొంతు మూసుకుపోయిన మనిషికి ఊపిరి అందించే సామాను చిన్న ఆసుపత్రుల్లోనూ ఉంచమని అడిగే ఈ ఉత్తరం చాన్నాళ్ల కిందటే రాయాల్సింది.

ఒక రాత్రి సంగతి చెప్తాను. ఏ ఆసుపత్రో రాయను. ఆ రాత్రి అక్కడున్న ఎవరి మీదా నాకు కోపం లేదు. కొండ మీది ఊరి నుంచి నలభై ఏళ్ల మనిషిని తీసుకొచ్చారు. పన్ను పుచ్చి, చీము దవడ కిందికి దిగి, మెడంతా చెక్కలా గట్టిపడి వాచిపోయింది. నాలుక పైకి లేచిపోయింది. ఉమ్మి మింగలేకపోతున్నాడు. పడుకోబెడితే ఊపిరాడక లేచి కూర్చుంటున్నాడు. పెద్దాసుపత్రికి పంపాలంటే మూడు గంటల దారి. అంబులెన్సు కోసం చూస్తుండగానే మనిషి నీలిరంగుకు తిరిగాడు.

డాక్టరు గారు నోట్లోంచి శ్వాసనాళంలోకి ట్యూబు వేయబోయారు, లోపల వాపు తప్ప ఏమీ కనిపించలేదు. మాస్కు పెట్టి, చేత్తో గాలి పంపే బ్యాగు నొక్కితే ఛాతీ లేవలేదు. ఇక మెడ మీద నుంచే శ్వాసనాళంలోకి సూది దించుదామన్నారు. 14 నంబరు క్యాన్యులా, అంటే సూది మీద ఉండే సన్నని ప్లాస్టిక్ గొట్టం, దొరికింది. గుచ్చారు. సిరంజిలోకి గాలి బుడగలు వచ్చాయి, అంటే సరైన చోటే దిగింది. కానీ దాన్ని ఆక్సిజన్ పైపుకు తగిలించే సామాను లేదు. నేనే ఒక సిరంజి వెనక భాగంలో ట్యూబు కనెక్టరు దూర్చి, బ్యాగు తగిలించాను. ఎంత నొక్కినా గాలి పోలేదు. గోడ దగ్గర ఆక్సిజన్ మాత్రం బుసబుసా వస్తూనే ఉంది. ఆ మనిషి మా చేతుల్లోనే పోయాడు. బయట అతని భార్య మా కొండల్లోని గిరిజనులు మాట్లాడే సవర భాషలో ఏదో అడుగుతోంది. అది మాలో ఒక్కరికే అర్థమైంది.

మంత్రి గారూ, 2021లో కోవిడ్ రెండో వేవ్ వచ్చినప్పుడు మన రూర్కెలా, అంగుల్, జాజ్‌పూర్, ఢెంకనాల్ నుంచి ఆక్సిజన్ ట్యాంకర్లు ఆంధ్రాకీ, ఇంకా ఎన్నో రాష్ట్రాలకీ వెళ్లాయి. సరిహద్దుకు అటూ ఇటూ చుట్టాలున్న మాకు అది ఎంత గర్వమో చెప్పలేను. ఆ తర్వాత జిల్లా ఆసుపత్రులకు ఆక్సిజన్ ప్లాంట్లూ వచ్చాయి. వందల కిలోమీటర్లు పంపగలిగిన ఆక్సిజన్‌ను మంచం మీదున్న మనిషి గొంతులో చివరి జానెడు దూరం దాటించడానికి మా దగ్గర ఏమీ లేకపోయింది.

ఆ రాత్రి బ్యాగు ఎందుకు పనిచేయలేదో తర్వాత డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నాను. 14 నంబరు క్యాన్యులా రంధ్రం రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. అంత సన్నని దారిలో చేత్తో నొక్కే బ్యాగు బలం చాలదు. గోడలోంచి వచ్చే పైపు ప్రెజరు కావాలి. ప్రెజరుతో పంపితే ఇంకో చిక్కు. లోపలికి వెళ్లిన గాలి ఆ సన్నని క్యాన్యులా నుంచి తిరిగి రాలేదు, పైన గొంతులోంచే రావాలి. గొంతు పూర్తిగా మూసుకుపోయి ఉంటే ఊపిరితిత్తులు ఉబ్బి పగిలే ప్రమాదం ఉంది. అందుకే ఒక సెకను పంపి, నాలుగు సెకన్లు వదలమంటారు. అంతా సరిగ్గా చేసినా కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది కాబట్టి అరగంట, నలభై నిమిషాలకు మించి నమ్మడానికి లేదు. పైగా క్యాన్యులా మడత పడుతుంది, జారిపోతుంది. 2011లో బ్రిటన్‌లో మత్తు డాక్టర్లు దేశమంతా లెక్కతీసిన నివేదికలో ఇలాంటి క్యాన్యులా ప్రయత్నాల్లో దాదాపు 60 శాతం విఫలమయ్యాయని తేలింది. నిపుణుల చేతుల్లోనే అంత కష్టమైతే మా చేతుల సంగతి చెప్పాలా?

ఆ దేశంలోనే 2015 నుంచి పెద్దవాళ్లకు వేరే పద్ధతి చెప్తున్నారు. గొంతు మీద ముందుకు పొడుచుకొచ్చిన చోటుకు కాస్త కింద, వేలితో తడిమితే మెత్తగా తగిలే జాగాలో 10 నంబరు బ్లేడుతో కోసి, బూజీ అనే సన్నని, వంగే కడ్డీ దించి, దాని మీదుగా 6 నంబరు కఫ్ ట్యూబు (చివర గాలితో ఉబ్బే బుడగ ఉన్న గొట్టం) వేయడం. చిన్నపిల్లల్లో మాత్రం ఆ జాగా మరీ చిన్నది, అక్కడ క్యాన్యులానే దిక్కు. అందుకే రెండూ అందుబాటులో ఉండాలి.

నేను అడిగేది పెద్ద మిషన్లు కాదండీ. ఒక బ్లేడు, ఒక బూజీ, ఒక 6 నంబరు ట్యూబు, పిల్లల కోసం సరైన క్యాన్యులా, దానికి తగిన కనెక్టరూ ప్రెజరు తగ్గించి పంపే గొట్టమూ. ఇవన్నీ ఒకే డబ్బాలో సీలు వేసి క్యాజువాలిటీలో, థియేటర్లో, లేబర్ రూములో గోడకు తగిలించి ఉంచాలి. లేబర్ రూము ఎందుకంటే, నిండు గర్భిణికి ఊపిరి ఆగితే ఆక్సిజన్ మామూలు మనిషికంటే చాలా వేగంగా పడిపోతుంది. గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో చిన్న ఆసుపత్రులకూ ఈ డబ్బా ముందు రావాలి. పెద్దాసుపత్రి దగ్గరున్నవాళ్లకు ఇంకో అవకాశం ఉంటుంది, మాకు ఉండదు.

ఇంకొకటి, డబ్బు ఖర్చు దాదాపు లేనిది. ట్యూబు వేసేటప్పుడు మాస్కు తీస్తారు. ఆ కాసేపూ ముక్కులో ఆక్సిజన్ క్యాథెటర్ పెట్టి నిమిషానికి 15 లీటర్లు వదిలితే, మనిషి ఊపిరి పీల్చకపోయినా ఆక్సిజన్ లోపలికి జారుతుంది. ఆ కొద్ది నిమిషాలే ప్రాణం. గొంతు పూర్తిగా మూసుకుపోతే ఇది పనిచేయదు, నిజమే. కానీ మిగతా ఎన్నో కేసుల్లో పనిచేస్తుంది. 2016లో మన దేశపు మత్తు డాక్టర్ల మార్గదర్శకాలు కూడా ఇదే చెప్పాయి. నేను పనిచేసిన చోట్ల మాత్రం మంచం దగ్గర ఆక్సిజన్ ఔట్‌లెట్ ఒక్కటే ఉండేది. మాస్కుకు పెడితే ముక్కుకు లేదు. రెండో ఔట్‌లెట్, లేకపోతే పక్కన ఒక సిలిండరు, ఇది రాసిపెట్టిన ఆర్డరుగా రావాలి.

డబ్బా ఇచ్చి వదిలేస్తే అది బీరువాలో తాళం వెనక్కి పోతుంది. చేయి అలవాటు కావాలి. దీనికి శిక్షణ కోసం అమ్మే మనిషి బొమ్మలు కొననక్కర్లేదు. మాంసం కొట్టులో మేక శ్వాసనాళం అడిగితే ఇస్తారు, దాని మీద ఎన్నిసార్లైనా ప్రాక్టీసు చేయొచ్చు. బరంపురం మెడికల్ కాలేజీకి మా పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరే పెట్టారు. అక్కడి మత్తు విభాగం నుంచి ఒక డాక్టరు మూడు నెలలకోసారి మా వైపు వస్తే చాలు. నర్సులను, టెక్నీషియన్లను కూడా కూర్చోబెట్టండి. డాక్టరు చేతికి బ్లేడు అందించేది మేమే. సామాను ఎక్కడుందో తెలిసేదీ మాకే. డబ్బా మీద అంటించే కాగితం ఒడియాలో, తెలుగులో ఉండాలి. కంగారులో ఇంగ్లీషు అక్షరాలు కళ్లకు ఆనవు. గిడుగు రామమూర్తి గారు మా ఊళ్లోనే ఉంటూ సవరల కోసం వాళ్ల భాష నేర్చుకున్నారు. క్యాజువాలిటీలో సవర తెలిసిన ఒక్క మనిషిని రాత్రి డ్యూటీలో ఉంచడం ప్రభుత్వానికి భారం కాదు.

శిక్షణ మొదలుపెడితే కబురు చేయండి. జీతం అక్కర్లేదు. ఆ ఉదయం మేక శ్వాసనాళాలు నేనే తెస్తాను.

ఇట్లు,
పర్లాకిమిడి నుంచి ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు