1998 అని పిలిచి 1999 పోశారు, ఎందుకని అడిగితే పలికే మనిషే లేడు

మేనేజర్ గారికి, ఈ ఉత్తరం ఆయన దాకా పోకుండా మధ్యలో ఆపేసే కస్టమర్ కేర్ వాళ్లకి కూడా,

విషయం: మెల్‌బోర్న్‌లో మీరు పెట్టిన 1998 ఆస్ట్రేలియా రెడ్ వైన్ టేస్టింగ్, దాని గురించి నేనడిగిన ప్రశ్నకి ఇప్పటిదాకా జవాబు రాకపోవడం.

తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే ఇంగ్లీషులో రాసినవాటికి దిక్కు లేకుండా పోయింది. మీ యాడ్ మన వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తెలుగులోనే వచ్చింది కదా, మనవాళ్ల కోసం మనవాళ్లు అని పెద్ద అక్షరాలతో వేశారు కదా, అందుకని ఫిర్యాదు కూడా తెలుగులోనే చదవండి. డబ్బులు తీసుకునేటప్పుడు వచ్చిన భాష ఇప్పుడు కూడా వస్తుందనే అనుకుంటున్నా.

ముందే ఒక మాట చెప్తా. సీసా చెడిపోయిందని నాకు కోపం లేదు. పాతికేళ్లు దాటిన వైన్ అది, దానికున్నది మామూలు చెట్టు బెరడు బిరడా, వందలో కొన్ని పాడవుతాయి, అందులో మీ తప్పు లేదు, తయారు చేసినవాళ్ల తప్పూ లేదు. నాకు కాలింది మీరు పలక్కపోవడం వల్ల.

ఆ సాయంత్రం జరిగింది ఇంతే. ఎనిమిది వైన్లు, అన్నీ 1998వే, అంటే ఆ ఏడాది పండిన ద్రాక్షతో చేసినవే అన్నారు. బరోసా ప్రాంతంలో షిరాజ్ అనే ద్రాక్షతో చేసినవి బ్రహ్మాండంగా ఉన్నాయి, అంచున ఇటుక రంగు తిరిగి, తోలు వాసన, ఎండు అంజీర్ వాసన, వగరంతా కరిగిపోయి మెత్తగా దిగింది, అది ఒప్పుకుంటా. తర్వాత ఆరోదిగా కూనవార అనే ఊళ్లో కాబర్నే అనే ద్రాక్షతో చేసినది పోశారు. ఆ ఊరి కాబర్నేలో వచ్చే నీలగిరి తైలం వాసన ఉంది, బానే ఉంది, సరే సీసా చూద్దామని పక్క బల్ల దగ్గరికెళ్తే లేబుల్ మీద 1999 అని ఉంది. పోస్తున్న అబ్బాయిని ఇదేంటి బాబూ అని అడిగితే, అతను సీసాని మెల్లిగా గోడవైపు తిప్పేసి, సప్లై ప్రాబ్లం అండీ, పెద్ద తేడా ఉండదు అన్నాడు. ఆ తిప్పడం నేను మర్చిపోలేను. తెలియక జరిగిన పొరపాటైతే సీసాని తిప్పేవాడు కాదు. ఆ తర్వాత ఈడెన్ వ్యాలీ షిరాజ్ వచ్చింది, ముక్కు దగ్గర పెడితే తడిసిన అట్టపెట్టె వాసన, మా బల్ల మీద నలుగురూ ఒకటే మాట అన్నారు, బిరడా పాడైంది, ఇంకో సీసా తియ్యమని మర్యాదగా అడిగాం. మీ హోస్ట్ గారు మైకులోనే, పాత వైన్ అంటే ఇలాగే ఉంటుంది, అలవాటు పడాలి అని నవ్వేశారు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. నలభై మంది ముందు మాకేమీ తెలియదన్నట్టు కూర్చోబెట్టారు. పాత సీసాలతో టేస్టింగ్ పెట్టే ఎవరైనా ఒక సీసా అదనంగా దగ్గర పెట్టుకుంటారు, ఇది ఈ రంగంలో అందరికీ తెలిసిన సంగతే, మీ దగ్గర లేకపోతే లేదని చెప్తే అయిపోయేది.

ఒక్క ఏడాదికి ఇంత గొడవేంటి అని మీ వాళ్లు అడిగారు కాబట్టి చెప్తున్నా. 1997 చివరి నుంచి 1998 మొదటి దాకా ఎల్ నినో ఉంది, సౌత్ ఆస్ట్రేలియాలో ఆ ఎండాకాలం పొడిగా, వేడిగా గడిచింది, కాయ బాగా పండింది, అందుకే 1998 ఎర్ర వైన్లని ఇప్పటికీ మంచి ఏడాది అని చెప్పుకుంటారు. అడిలైడ్ పక్కనున్న బరోసాకీ, అడిలైడ్ నుంచి 350 కిలోమీటర్ల పైనే ఉండే కూనవారకీ ఏడాది అదే, కానీ అక్కడ నేల వేరు, కూనవారలో సున్నపురాయి మీద ఎర్రమట్టి పొర, చలి కొంచెం ఎక్కువ. ఏడాదిని కదలకుండా పట్టుకుంటేనే మట్టి తేడా, చేసిన చెయ్యి తేడా, పీపా చెక్క తేడా నాలుక మీద తెలుస్తుంది, ఈ టేస్టింగ్ పెట్టేదే అందుకు. ఈ ఏడాది గుంటూరు మిర్చీ వరంగల్ చపాటా పక్కపక్కన పెట్టి రుచి చూపిస్తాం రండి అని పిలిచి, ఒకదాంట్లో వేరే ఏడాది కారం పెడితే ఇంక పోల్చేదేముంది? 1999 మంచి వైనే కావచ్చు, నేను దానికి డబ్బు కట్టలేదు. లేబుల్ మీద ఏడాది వెయ్యాలంటే కనీసం 85 శాతం ఆ ఏడాది ద్రాక్షే ఉండాలని ఈ దేశంలో రూలుంది, తయారు చేసేవాళ్లకి అంత పట్టింపు ఉంటే పోసి అమ్మేవాళ్లకి కొంచెమైనా ఉండొద్దా.

ఇంక అసలు కథకి వస్తా, అంటే మీ కస్టమర్ కేర్ కథ.

మర్నాడే మెయిల్ పెట్టా, తిట్టలేదు, రెండే ప్రశ్నలు అడిగా, కూనవార సీసా ఎందుకు మారింది, మిగతా సీసాలని ఇన్నాళ్లు ఎక్కడ దాచారు అని. మీ సందేశం మాకు ఎంతో ముఖ్యం అని మిషన్ జవాబు వచ్చింది. అంతే, ఇంకేమీ రాలేదు. వాట్సాప్‌లో పెట్టా, బ్లూ టిక్కులు పడ్డాయి, అంటే చదివారు, చదివి ఊరుకున్నారు. మళ్లీ పెట్టా, మళ్లీ బ్లూ టిక్కులే. సరే అని ఫోన్ చేశా.

మొదట ఎత్తినమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది, ఆ మర్యాదంతా ఎదురుగా ఉన్న కాగితం చూసి చదువుతున్నదే. మీ ఆర్డర్ డెలివరీ అయిందా సార్ అంది. డెలివరీ కాదమ్మా, టేస్టింగ్‌కి వచ్చాను అన్నా. అర్థమైంది సార్, సీసా పగిలిందా సార్ అంది. పగల్లేదమ్మా, ఏడాది మారింది అన్నా. కాసేపు ఏదో టైప్ చేసి టికెట్ రైజ్ చేశానంది, సాయంత్రానికి మెయిల్ వచ్చింది, పగిలిన సీసా ఫొటో, ప్యాకింగ్ ఫొటో పంపండి అని. పగల్లేదని జవాబు రాశా. ఫొటో అందనందున మీ ఫిర్యాదు ముగించాం అని ఇంకో మెయిల్. ఏ ఫిర్యాదు ముగించారు మీరు? నేను చెయ్యనిదాన్ని మీరే పుట్టించి మీరే ముగించుకున్నారు, చేసినదాన్ని అసలు రాసుకోనే లేదు.

తర్వాత ఇంకోసారి చేస్తే ఒక కుర్రాడు. అంకుల్, 1998కి 1999కి ఒక్క ఏడాదే కదా, ఇంకా ఫ్రెష్‌గా ఉంటుంది కదా అన్నాడు. బాబూ నీతో నాకు గొడవ లేదు, తెలిసినవాళ్లకి ఇవ్వు ఫోను అన్నా. ఈవెంట్స్ టీంకి కలిపాడు. ఈవెంట్స్ వాళ్లు రీఫండ్ మాట అకౌంట్స్‌తో మాట్లాడాలి అన్నారు, నేను రీఫండ్ అడగలేదు ప్రశ్న అడిగాను అంటే, ప్రశ్నలైతే కస్టమర్ కేర్ సార్ అన్నారు. అకౌంట్స్‌లో ఒకాయన నా బుకింగ్ చూసి, డబ్బు పూర్తిగా అందింది, మా వైపు నుంచి ఏమీ పెండింగ్ లేదు అన్నాడు. ఆయన మాటల్లో అబద్ధం లేదు, మీ వైపు నుంచి చూస్తే డబ్బు వచ్చేసింది, ఇంకేం కావాలి మీకు.

మేనేజర్ గారు ఎప్పుడడిగినా మీటింగ్‌లో ఉన్నారనే చెప్పారు. కాల్ బ్యాక్ చేస్తారు అన్నారు. ఒక రోజు మీ నంబర్ నుంచే ఫోనొచ్చింది, ఆఫీసులో పని మధ్యలో వదిలేసి బయటికొచ్చి ఎత్తా, హమ్మయ్య చేశారు అనుకున్నా. ఆ ఫోను ఆరు సీసాల మిక్స్‌డ్ కేస్ ఆఫర్ గురించి. నా కంప్లైంట్ ఉంది చూడండమ్మా అంటే, నేను సేల్స్ సార్, నాకు అవి కనపడవు అంది. అమ్మేటప్పుడు నేనెవరో మీ కంప్యూటర్‌కి బాగా కనపడతా, అడిగేటప్పుడు మాత్రం కనపడను. ఇది నాకు ఎంత అవమానంగా అనిపించిందో మీకు తెలియాలనే ఇంత వివరంగా రాస్తున్నా.

ఆ తర్వాత ఒక కూపన్ పంపారు, వచ్చే వైట్ వైన్ ఈవెనింగ్‌కి 15 శాతం తగ్గింపు. ఎందుకు పంపారో ఒక్క ముక్క లేదు అందులో, సారీ అన్న మాట లేదు. దాని వెనకే మా సేవ ఎలా ఉంది అని సర్వే, ఒక్క స్టార్ ఇచ్చి జరిగిందంతా రాశా, మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు అని వచ్చింది. ఆ లోపు మీరు ఆ సాయంత్రం ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు, 1998 అని రాసి, కూనవార సీసా ఫ్రేమ్‌లోకి రాకుండా కోసి. కింద నేను ఒకే ఒక్క లైను రాశా, ఆరో సీసా ఏ ఏడాదిది అని. కాసేపటికి నా కామెంట్ లేదు. అంటే చదివే మనిషి ఉన్నాడు! మెయిల్‌కి లేని మనిషి, వాట్సాప్‌కి లేని మనిషి, ఫోన్‌కి లేని మనిషి కామెంట్ తీసెయ్యడానికి మాత్రం ఉన్నాడు.

నేను మీకు కొత్త కస్టమర్‌ని కాదు. వెనక గదిలో ప్లాస్టిక్ కుర్చీలేసి పది మందితో మీరు మొదలుపెట్టినప్పటి నుంచీ వస్తున్నా. దీపావళికి ఆఫీసులో పంచిన సీసాలు మీ దగ్గరే కొన్నా, గృహప్రవేశాలకి, పెళ్లిరోజులకి మీ నంబరే అందరికీ ఇచ్చా. 2020లో మెల్‌బోర్న్ అంతా లాక్‌డౌన్‌లో ఉండి మీ ఈవెంట్లు ఆగిపోతే, చిన్న వ్యాపారం, మనవాళ్లు, నిలబడాలి అని మా ఫ్రెండ్స్ చేత ముందే డబ్బు కట్టించి కేసులకి కేసులు కొనిపించా. అప్పుడు మీ ఓనర్ గారు స్వయంగా ఫోన్ చేసి మీ రుణం తీర్చుకోలేం అండీ అన్నారు. ఆ ఫోన్ ఇప్పుడు ఏమైంది? రుణం తీర్చమని నేను అడగట్లేదు, ఫోన్ ఎత్తమంటున్నా అంతే.

ఈ టేస్టింగ్‌కి వచ్చిన మేం నలుగురం 1998లో వైటూకే పని మీద హైదరాబాద్ నుంచి ఈ దేశంలో దిగినవాళ్లం. ఒకే ఇంట్లో అద్దెకున్నాం. మేం వచ్చిన ఏడాది ఈ నేలలో పండింది రుచి చూద్దాం అని ఒకడు పెర్త్ నుంచి ఫ్లైట్ ఎక్కి వచ్చాడు. వాణ్ని పిలిచింది నేను, మీ పేరు చెప్పి పిలిచా. లేబుల్ చూసి వాడు నన్నేమీ అనలేదు, అనకపోవడమే నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

మీ హోస్ట్ గారు ఆ రోజు పెన్‌ఫోల్డ్స్ కంపెనీలో వైన్ చేసిన మ్యాక్స్ షూబర్ట్ గురించి చాలా గొప్పగా చెప్పారు, ఆయన 1951లో గ్రాంజ్ అనే ఎర్ర వైన్ మొదలెట్టడం, 1957లో కంపెనీ ఆపెయ్యమంటే దొంగచాటుగా చేస్తూనే ఉండడం, సీసాల్లో కొన్నేళ్లు ఆగాక రుచి చూసిన పెద్దలు మనసు మార్చుకుని 1960లో మళ్లీ ఒప్పుకోవడం. బాగా చెప్పారు, మేం చప్పట్లు కొట్టాం. ఆ పెన్‌ఫోల్డ్స్ వాళ్లే 1991 నుంచి రీకార్కింగ్ క్లినిక్‌లు పెట్టి, పదిహేనేళ్లు దాటిన వాళ్ల సీసాలు జనం తెచ్చుకుంటే లోపల వైన్ మట్టం ఎంతుందో చూసి, అవసరమైతే తెరిచి రుచి చూసి, కొత్త బిరడా వేసి ఇస్తున్నారు. ఎప్పుడో అమ్మేసిన సీసాకి కూడా వాళ్లు జవాబు చెప్తున్నారు, మీరు నిన్న పోసినదానికి చెప్పట్లేదు. ఆ కథ స్టేజి మీద చెప్పుకునే ముందు అందులోంచి మీరేం నేర్చుకున్నారో ఆలోచించండి.

సీసాలు ఎక్కడ దాచారు అన్న ప్రశ్న కూడా ఊరికే అడగలేదు. చివరి రెండు సీసాల్లో మట్టం భుజం కిందకి దిగిపోయి ఉంది, ఒకదాంట్లో ఉడికిన జామ్ వాసన వచ్చింది, మెల్‌బోర్న్ ఎండాకాలం నలభై డిగ్రీలు దాటిన రోజుల్లో ఏసీ లేని గోడౌన్‌లో పెడితే అలాగే అవుతుంది. చల్లటి సెల్లార్‌లో పెట్టిన సీసాలని యాడ్‌లో రాశారు కాబట్టి ఆ సెల్లార్ ఎక్కడ, ఎవరి దగ్గర కొన్నారు, ఆ కాగితాలు నాకు చూపించాలి, అలాగే ఆరో సీసా మారుతుందని మీకు ఎప్పుడు తెలిసింది, ముందే తెలిస్తే మాకెందుకు చెప్పలేదు, ఇది రాతపూర్వకంగా కావాలి, మొదట్లో ఈ రెండు చెప్పి ఉంటే డబ్బు మాటే ఎత్తేవాణ్ని కాదు, ఇప్పుడు మాత్రం నాలుగు సీట్ల డబ్బు మొత్తం, సీటుకి 420 డాలర్ల లెక్కన, వెనక్కి కావాలి, పెర్త్ ఫ్లైట్ టికెట్ గురించి కూడా మాట్లాడదాం.

కూపన్ పంపకండి, వాడను. సర్వే పంపకండి.

చెప్పిందొకటి ఇచ్చిందొకటి అయితే అది మోసపూరిత ప్రచారం కిందకి వస్తుందని ఆస్ట్రేలియా కన్స్యూమర్ చట్టంలో ఉంది, 2011 నుంచి దేశమంతా అదే చట్టం. వచ్చే శుక్రవారం సాయంత్రంలోపు మీ మేనేజర్ గారో ఓనర్ గారో, సేల్స్ వాళ్లు కాదు, స్వయంగా నాకు ఫోన్ చెయ్యకపోతే కన్స్యూమర్ అఫైర్స్ విక్టోరియాకి రాస్తా, అక్కడా తేలకపోతే ఇలాంటి తగాదాలు తేల్చే విక్టోరియా ట్రిబ్యునల్ వీక్యాట్‌లో కేసు వేస్తా, లేబుల్ ఫొటో మా ఫ్రెండ్ ఫోన్‌లో టైంతో సహా ఉంది. ఏ గ్రూపుల్లో మీ యాడ్ వేశారో ఆ గ్రూపులన్నిట్లో ఈ ఉత్తరం యథాతథంగా పెడతా, అక్కడ కామెంట్ తీసెయ్యడం మీ చేతిలో ఉండదు.

నా నంబరు మీ దగ్గర ఉంది, ఆఫర్లకి వాడేది అదే నంబరు.

ఇట్లు,
మొదటి రోజు నుంచి మీ కస్టమర్