‘పరిశోధనలో తేలింది’ అంటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

హైస్కూల్లో లెక్కలు చెప్పే టీచర్‌ని. లెక్కలు ఎలా చెప్పాలో ‘పరిశోధనలో తేలింది’ అంటూ పేపర్లో వార్త వచ్చిందంటే మాకు టెన్షనే. ఆ ముక్క కత్తిరించి తెచ్చి, ‘మీరెందుకు ఇలా చెప్పరు మేడమ్?’ అని అడిగే తల్లిదండ్రులు ఉంటారు. అడగడంలో తప్పు లేదు. కానీ ఎవరి మీద ప్రయోగం చేశారో, చివర్లో ఏ పరీక్ష పెట్టారో వార్తలో ఉండదు. అవి తెలియకుండా నేనేం జవాబు చెప్పను?

2008లో ‘సైన్స్’ పత్రికలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్ల పరిశోధన ఒకటి వచ్చింది. వస్తువులతో ఉదాహరణలు చెప్పడం కంటే ఉత్త గుర్తులతో నేర్పితేనే, నేర్చుకున్నది కొత్తచోట బాగా వాడుతున్నారని దాని సారాంశం. ఇక బడిలో ఉదాహరణలు మానేయాలన్నంతగా దాని మీద చర్చ నడిచింది. తీరా చూస్తే ప్రయోగంలో పాల్గొన్నది కాలేజీ విద్యార్థులు. వాళ్లకు నేర్పింది భిన్నాలూ కాదు, శాతాలూ కాదు. మూడే మూలకాలున్న ఒక బీజగణిత సమూహం, అంటే మూడింట్లో ఏ రెండు కలిపినా మళ్లీ ఆ మూడింట్లో ఒకటే వచ్చే లెక్క. బడిలో ఏ తరగతిలోనూ ఆ పాఠం ఉండదు!

అసలు మెలిక పరీక్షలో ఉంది. ఏ నియమంతో నడుస్తుందో కనిపెట్టాల్సిన ఒక ఆట ఇచ్చారు. అది గుర్తులతో నేర్చుకున్న పాఠానికే దగ్గరగా ఉంది. 2011లో బెల్జియం పరిశోధకులు ఇదే ప్రయోగం మళ్లీ చేస్తే మొదట అదే ఫలితం వచ్చింది. పరీక్షను వస్తువుల లెక్కగా మార్చేసరికి, వస్తువులతో నేర్చుకున్నవాళ్లే ముందున్నారు. మొదటి ఫలితం అబద్ధమని నేననను, దాన్ని సాగదీసిన తీరు మీదే నా గొడవ.

నమ్మదగ్గ పరిశోధనలూ ఉన్నాయి. 2020లో వచ్చిన ఒకదాన్ని చూసి నా హోంవర్క్ షీట్లే మార్చుకున్నాను. ఫ్లోరిడాలో 54 ఏడో తరగతి సెక్షన్లు తీసుకుని, ఏ సెక్షన్‌కు ఏ పద్ధతో లాటరీ పద్ధతిలో తేల్చారు. లెక్కలు అందరికీ అవే. కొందరికి ఒక రకం లెక్కలన్నీ ఒకేచోట, మిగతావాళ్లకు రకరకాలవి కలిపి ఇచ్చారు. అందరికీ ఒకసారి పునశ్చరణ చేయించి, నెల తర్వాత చెప్పకుండా పరీక్ష పెడితే కలిపి చేసినవాళ్లకు సగటున 61 శాతం, మిగతావాళ్లకు 38 శాతం వచ్చాయి. కలిపి ఇస్తే పిల్లలకు ఎక్కువ సమయం పడుతుందని పరిశోధకులే ఒప్పుకున్నారు. పీరియడ్ అయిపోతుంటే అది ఎంత పెద్ద విషయమో మాకు తెలుసు.

మీరు ఇలాంటి వార్త వేసినప్పుడు పిల్లల వయసు, పాఠం, పరీక్ష ఎవరు తయారుచేశారు, ఎన్నాళ్ల తర్వాత పెట్టారు అన్నవి రెండు వాక్యాల్లో చేర్చండి. చోటు లేకపోతే పరిశోధకుల పేర్లు, సంవత్సరం వేసినా చాలు, మిగతాది మేమే వెతుక్కుంటాం.

– ఒక గణిత ఉపాధ్యాయిని