ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ నేర్పిన పెద్దలకు, మిత్రులకు కృతజ్ఞతలు

ఎంబీఏ రెండో సెమిస్టర్ ఫలితాలు వెలువడ్డాయి. ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్‌లో నాకు మంచి మార్కులు వచ్చాయి. అభినందించిన వారందరికీ నమస్కారాలు చెబుతూనే, ఆ మార్కుల వెనుక ఎవరెవరి శ్రమ ఉందో నలుగురికీ తెలియాలన్న ఉద్దేశంతో ఇది రాస్తున్నాను. సాయం చేసిన వారిలో చాలామంది పేర్లు రాయవద్దన్నారు కనుక పేర్లు లేకుండానే రాస్తున్నాను. చదివితే తమ గురించేనని వారికి తెలుస్తుంది.

నేను డిగ్రీలో జంతుశాస్త్రం చదివాను, అదీ తెలుగు మాధ్యమంలో. ఐసెట్ రాసి ఎంబీఏలో చేరిన తరువాతనే బ్యాలెన్స్ షీటు ముఖం చూశాను. రెండో సెమిస్టర్ మొదలైన కొద్దికాలానికే అమ్మకు ఆపరేషన్ జరగడంతో దేవరకొండ దగ్గర మా ఊళ్లోనే ఉండిపోవలసి వచ్చింది. తిరిగి నల్లగొండకు వచ్చేసరికి డబ్బు కాలవిలువ, పెట్టుబడి నిర్ణయాలు, మూలధన వ్యయం అన్నీ ముగిసి, క్లాసులో డివిడెండ్ సిద్ధాంతాలు నడుస్తున్నాయి.

అప్పుడు ఆదుకున్నది మా వీధిలో ఉండే విశ్రాంత కామర్స్ లెక్చరర్ గారు. ఆ సారు రూపాయి తీసుకోకుండా సాయంత్రాలు తన ఇంటి వరండాలో నాకు పాఠం చెప్పారు. సూత్రాలతో మొదలుపెట్టలేదు. బత్తాయి తోట పెట్టాలా వద్దా అని మా నాయిన కొంతకాలంగా ఆలోచిస్తున్నాడని నా మాటల్లో విని, ఆ తోటనే లెక్కగా వేయమన్నారు. బత్తాయి నాటిన తరువాత నాలుగైదేళ్ల దాకా చెప్పుకోదగ్గ కాపు ఉండదు. అంతవరకు గుంతలు, అంట్లు, డ్రిప్పు, ఎరువు, కూలీ అంతా చేతి నుంచి పెట్టవలసిందే. లెక్క సులువుగా ఉండేందుకు ఖర్చంతా ఇప్పుడే 2 లక్షల రూపాయలు పెట్టినట్టు, అయిదో ఏడాది చివర నుంచి పద్నాలుగో ఏడాది చివర దాకా ఏటా 60 వేలు మిగిలినట్టు అనుకున్నాం. మొత్తం వచ్చేది 6 లక్షలు. పెట్టుబడికి మూడింతలు వస్తుంటే ఇంకా ఆలోచన దేనికని మా ఇంట్లో అందరూ అనేమాటే నేనూ అన్నాను.

సారు ఆ 6 లక్షలను రెండు వడ్డీ రేట్లతో నేటి విలువకు, అంటే ముందుముందు వచ్చే సొమ్ము వడ్డీ తీసివేస్తే ఇవాళ ఎంతకు సమానమో ఆ మొత్తానికి, తెమ్మన్నారు. 10 శాతంతో లెక్కిస్తే నేటి విలువ దాదాపు 2 లక్షల 52 వేలు. పెట్టుబడి పోను 52 వేల దాకా మిగులుతుంది, తోట పెట్టవచ్చు. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన సొమ్మయితే ఏడాదికి 24 శాతం. ఆ రేటుతో అదే 6 లక్షల నేటి విలువ 93 వేల చిల్లరకు పడిపోతుంది, లక్షకు పైగా నష్టం. భూమి అదే, చెట్లు అవే, కాపు అదే. పెట్టుబడి తిరిగివచ్చే కాలం చూస్తే 10 శాతానికి సొమ్ము తెచ్చిన రైతుకూ, 24 శాతానికి తెచ్చిన రైతుకూ ఎనిమిదో ఏడే. ఆ పద్ధతి ఇద్దరికీ ఒకే జవాబు చెబుతుంది, అందుకే దాన్ని ఒక్కదాన్నే నమ్మకూడదు. నేటి విలువ సరిగ్గా పెట్టుబడికి సమానమయ్యే వడ్డీ రేటు, అంటే అంతర్గత రాబడి రేటు, దాదాపు 13 శాతం వచ్చింది. అంతకు తక్కువ వడ్డీకి సొమ్ము దొరికిన వాడికే ఆ తోట. పుస్తకాల్లో ప్రతి లెక్కకూ ముందుగానే ఇచ్చేసే ఆ డిస్కౌంటు రేటు (నేటి విలువ కట్టే వడ్డీ రేటు) నిజానికి ఎవరి సొమ్ము, ఏ షరతు మీద వచ్చిందన్న ప్రశ్నకు జవాబని నాకు ఆ సాయంత్రం తెలిసింది. మిగిలిన సిలబస్ అంతా నేను ఈ ఒక్క తాడు పట్టుకునే చదివాను.

మూలధన నిర్మాణం పాఠమూ ఆ వరండాలోనే జరిగింది. ఆర్థికశాస్త్రవేత్తలు మోదిగ్లియానీ, మిల్లర్ 1958లో రాసిన వ్యాసంలో, పన్నులూ దివాలా ఖర్చులూ లేని మార్కెట్టులో అప్పు ఎంత, సొంత సొమ్ము ఎంత అన్నదాన్ని బట్టి సంస్థ విలువ మారదని చెప్పారు. 1963లో పన్నును లెక్కలోకి తెచ్చి, వడ్డీ మీద పన్ను మినహాయింపు ఉంటుంది కనుక అప్పుకు ఒక లాభం ఉందని సవరించారు. 12 శాతం వడ్డీ కట్టే కంపెనీకి పన్ను రేటు 25 శాతమైతే, ఆ అప్పు పడేది 9 శాతమే. ఇక్కడ సారు ఆగి, మరి మీ నాయినకు ఎంత పడుతుందని అడిగారు. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్నే లేదు కనుక మినహాయింపు అన్న మాటే రాదు, 12కు 12 పడుతుంది. పన్ను లేకపోవడం మంచిదేనని ఒప్పుకుంటూనే, పెద్ద కంపెనీకి అప్పు చవక కావడానికి ఉన్న దారుల్లో ఒకటి రైతుకు లేదని నేను నోట్‌బుక్కులో రాసుకున్నాను.

రెండో కృతజ్ఞత మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూసే అన్నకు. వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారం నడవడానికి కావలసిన సొమ్ము) మీద ప్రాజెక్టు చేయాలని అడిగినప్పుడు, సీజనులో ఊపిరి సలపని పని ఉండి కూడా, మిల్లంతా తిప్పి చూపించి తరువాత లెడ్జర్ల ముందు కూర్చోబెట్టారు. మిల్లు వడ్లు కొనేది వానకాలం, యాసంగి కోతల తరువాత కొద్ది వారాల్లో. బియ్యం అమ్ముకునేది నెలల తరబడి. రైతుకు సొమ్ము వెంటనే ఇవ్వాలి, బియ్యం కొన్న వ్యాపారి నెలకో నెలన్నరకో ఇస్తాడు. ఈ రెంటి నడుమ ఉన్న రోజులన్నీ ఎవరో ఒకరి సొమ్ముతో నిండాలి.

మిల్లు అసలు అంకెలు బయట పెట్టనని మాట ఇచ్చాను కనుక ఇక్కడ ఊహాలెక్కే చెబుతాను. ఏడాది ఖర్చు 3 కోట్ల 65 లక్షలైతే రోజుకు లక్ష. వడ్లుగా 60 రోజులు, మరపట్టడానికి 5 రోజులు, బియ్యంగా 15 రోజులు, బాకీగా 30 రోజులు ఉండి, కొన్నచోట మనకు దొరికే గడువు 10 రోజులైతే, నికరంగా సొమ్ము చిక్కుకునేది 100 రోజులు, అంటే దాదాపు కోటి రూపాయలు. వ్యాపారుల దగ్గర వసూలు పది రోజులు ముందుకు జరిపితే 10 లక్షలు విడుదలవుతాయి. 11 శాతం వడ్డీ లెక్కన ఏడాదికి లక్షా పదివేలు మిగులు. ఒక్క బస్తా ఎక్కువ అమ్మకుండా వచ్చిన మిగులు ఇది. లాభం కనబడుతున్న మిల్లులకు కరెంటు బిల్లు కట్టే రోజున చేతిలో రొక్కం ఎందుకు ఉండదో అన్న చెప్పిన తీరు ఏ లెక్చరులోనూ నేను వినలేదు.

ఇంకొక సంగతి కూడా ఆయన చూపించినదే. ఆవరణ నిండా పేర్చిన బస్తాలన్నీ మిల్లు ఆస్తి కావు. పౌరసరఫరాల సంస్థ కొని, మరపట్టడానికి ఇచ్చిన వడ్లు ప్రభుత్వానివి. క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి అప్పగించాలి. కళ్లముందు గుట్టలుగా ఉన్నా అవి బ్యాలెన్స్ షీటులో స్టాకుగా ఉండవు, వాటిని చూపి బ్యాంకులో అప్పు తేవడానికీ వీల్లేదు. కంటికి కనబడే సరుకు వేరు, లెక్కకు వచ్చే సరుకు వేరని ఆ ఆవరణలో నిలబడితే తప్ప నాకు మనసుకు పట్టలేదు.

బ్యాంకు అప్పు మాట వచ్చింది కనుక ఆ అన్నే నన్ను ఒక బ్యాంకు ఫీల్డ్ ఆఫీసర్ గారి దగ్గరకు పంపారు. ఆ మేడమ్ భోజన విరామాల్లో నాకు, వ్యాపారానికి వర్కింగ్ క్యాపిటల్ కోసం బ్యాంకు ఎంత ఇవ్వవచ్చో చెప్పే టాండన్ కమిటీ పద్ధతులు వివరించారు. 1975లో నివేదిక ఇచ్చిన ఆ కమిటీ మొదటి పద్ధతి ప్రకారం, చర ఆస్తులు (సరుకు, రావలసిన బాకీలు, రొక్కం వంటివి) 100 లక్షలు, బ్యాంకు అప్పు కాకుండా ఇతర చర బాధ్యతలు (త్వరలో కట్టవలసిన బాకీలు) 20 లక్షలైతే, మిగిలిన 80లో నాలుగింట మూడు వంతులు, అంటే 60 లక్షల దాకా బ్యాంకు ఇవ్వవచ్చు. రెండో పద్ధతిలో మొత్తం చర ఆస్తుల్లో పావు వంతు యజమాని దీర్ఘకాలిక సొమ్ము నుంచి తేవాలి కనుక బ్యాంకు ఇచ్చేది 55 లక్షలే; కరెంట్ రేషియో (చర ఆస్తులను మొత్తం చర బాధ్యతలతో భాగిస్తే వచ్చేది) 1.33 అన్న అంకె పుట్టింది ఇక్కడే. ఈ లెక్క తప్పనిసరి అన్న నియమాన్ని రిజర్వు బ్యాంకు 1997లోనే తీసివేసిందనీ, చిన్న పరిశ్రమలకు నాయక్ కమిటీ చెప్పిన ప్రకారం అంచనా అమ్మకాల్లో 20 శాతం ఇచ్చే సులువు పద్ధతి ఉందనీ చెప్పారు. మా తోట సంగతి విని ఆమె ఒక హెచ్చరిక కూడా చేశారు: సకాలంలో కడితే 4 శాతమే పడే పంటరుణం ఒక పంటకాలానికి ఉద్దేశించినది, దాన్ని అయిదో ఏట కాపుకొచ్చే తోటలో పెడితే కాపు రాకముందే కిస్తీ వస్తుంది. పరీక్షలో ఆస్తి వయసుకూ అప్పు వయసుకూ పొత్తు కుదరాలన్న ప్రశ్న వచ్చినప్పుడు నేను రాసిన ఉదాహరణ ఇదే.

నల్లగొండ కూరగాయల మార్కెట్టులో కొత్తిమీర, పుదీన అమ్మే అత్తమ్మకు కూడా నేను రుణపడి ఉన్నాను. ఆమె గిరిగిరి అప్పు తీసుకున్న కాగితం నాకు చూపించింది: చేతికి 9,000, రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. వెయ్యి రూపాయలే కదా వడ్డీ అని ఆమె అంటుంది, వినేవారికీ అలాగే తోస్తుంది. కానీ అసలు రోజురోజుకూ తగ్గుతూ పోతుంది కనుక రోజువారీ రేటు దాదాపు 0.21 శాతం, చక్రవడ్డీ లేకుండా చూసినా ఏడాదికి 77 శాతం పడుతుంది. ఈ లెక్క చెప్పినప్పుడు ఆమె, బ్యాంకు వాళ్లు పొద్దున అయిదింటికి మండీ దగ్గరకు వచ్చి ఇస్తారా బిడ్డా అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు. ప్రాజెక్టు నివేదికలో ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టు రాశాను.

మహబూబ్‌నగర్ నుంచి వచ్చి నాతోపాటు గదిలో ఉంటున్న స్నేహితురాలు ఎక్సెల్‌లో నేటి విలువ, అంతర్గత రాబడి రేటు లెక్కలు వేయడం ఓపికగా నేర్పింది. పరీక్షలో ఎక్సెల్ ఉండదు కనుక అవే లెక్కలు పట్టికలతో మళ్లీ చేయించింది. నేను లేని రోజుల నోట్సు రాసిపెట్టిన క్లాసు మిత్రులకు, హాజరు విషయంలో మా పరిస్థితి అర్థం చేసుకున్న అధ్యాపకులకు, అమ్మ దగ్గర వంతులవారీగా ఉండి నన్ను చదువుకు పంపిన మా చిన్నమ్మకు, వదినకు ధన్యవాదాలు. మా నాయిన తన ఖాతా పుస్తకం నాకు అప్పగించాడు. ఎరువు ఖర్చులు, కూలీ ఖర్చులు తేదీలతో సహా రాసిన ఆ పుస్తకం లేకపోతే తోట లెక్కకు పునాదే లేదు.

వచ్చే ఏడాది ఈ సబ్జెక్టు చదవబోయే వారి కోసం, ముఖ్యంగా తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన వారి కోసం, ఈ లెక్కలన్నీ తెలుగు వివరణతో శుభ్రంగా తిరగరాశాను. మిల్లు అంకెలు, మార్కెట్టు అత్తమ్మ వివరాలు తీసివేసి, ఊహాలెక్కలు మాత్రం ఉంచాను. లెక్చరర్ గారు ఒకసారి దిద్ది ఇచ్చారు. కావలసిన వారు అడిగితే ప్రతి ఇస్తాను. జిరాక్సు ఖర్చు మాత్రం పెట్టుకోవాలి.