సారాగఢికి ముందు కూడా ఒక సైన్యం ఉంది

సంపాదకులకు నమస్కారం.

సెప్టెంబరు 12న మీ పత్రికలో సారాగఢి మీద వచ్చిన వ్యాసం చదివాను. బాగా రాశారు. 1897లో సమానా కొండల మీద, లాక్‌హార్ట్ కోటకూ గులిస్తాన్ కోటకూ మధ్య, అద్దాలతో ఎండను మెరిపించి కబుర్లు పంపే ఓ చిన్న ఠాణాలో 36వ సిక్కు పటాలం వాళ్లు 21 మంది పఠాన్ తెగలతో ఆఖరి మనిషి దాకా పోరాడిన సంగతి ఎన్నిసార్లు చదివినా ఒళ్లు గగుర్పొడుస్తుంది. హవల్దార్ ఈశర్ సింగ్‌నీ, చివరిదాకా సిగ్నల్ ఇచ్చిన గురుముఖ్ సింగ్‌నీ తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నా పేచీ వేరే. ఏటా సెప్టెంబరు వస్తే చాలు టీవీల్లో, వాట్సాప్‌లో, పత్రికల్లో ఇదొక్కటే కథ. సిక్కుల యుద్ధ చరిత్ర అంటే మనవాళ్లకు ఇంతే మిగిలింది. ఆ 21 మంది కాపలా కాసిన సరిహద్దు బ్రిటిష్ సర్కారుది. అప్పటికి 50 ఏళ్ల కిందట అదే సర్కారును పంజాబులో గడగడలాడించిన సైన్యం ఒకటుంది, మహారాజా రంజిత్ సింగ్ కట్టిన సిక్కు రాజ్యపు ఖాల్సా సైన్యం. దాని ఊసు ఎవరూ ఎత్తరు.

పోటీ పరీక్షల గైడ్లు చూడండి. ఇంగ్లిషువాళ్లతో సిక్కు యుద్ధాలు రెండు, సంధులు రెండు, కోహినూరు ఒకటి. అక్కడితో అధ్యాయం సరి. నేను చాలాకాలం ఇవే పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి ఈ మాట కాస్త గట్టిగానే అంటున్నాను.

1799లో లాహోరు చేజిక్కించుకున్న నాటికి రంజిత్ సింగ్ దగ్గర ఉన్నది ప్రధానంగా గుర్రపు దండు. ఎదురుగా వచ్చి కాల్చి, వెనక్కి తిరిగి, మళ్లీ మీదపడే పద్ధతిలో అఫ్గాన్లను ముప్పుతిప్పలు పెట్టినవాళ్లు వాళ్లు. కాలిబంటుగా వరసలో నిలబడి అడుగులో అడుగు వేయడం వాళ్లకు నామోషీ. డ్రిల్లును నాట్యకత్తెల గంతులని హేళన చేశారట. ఈస్టిండియా కుంపిణీ కవాతు పటాలాలకున్న బలమేమిటో రంజిత్ సింగ్ పసిగట్టాడు. ఎవరు వెక్కిరించినా పట్టు వదల్లేదు. 1822లో నెపోలియన్ దగ్గర పనిచేసిన అలార్, వెంచురా లాహోరు వస్తే కొలువిచ్చాడు. ఆ తర్వాత కోర్ అనే ఫ్రెంచివాడు వచ్చి ఫిరంగిదళం చూసుకున్నాడు. లాహోరు మైదానంలో పంజాబీ రైతుబిడ్డలు ఫ్రెంచి ఆజ్ఞలకు కవాతు చేశారు. ఫిరంగులు అక్కడే పోత పోశారు. లహణా సింగ్ మజీఠియా లాంటి సర్దారులు స్వయంగా ఆ పనిలో దిగినవాళ్లు. పైగా అది ఒక్క సిక్కుల సైన్యమే కాదు. ఫిరంగిదళంలో ముస్లింలు చాలామంది, వాళ్లకు జనరల్ ఇలాహీ బఖ్ష్. గూర్ఖాలూ ఉండేవారు. 1818లో ముల్తాన్, మరుసటి ఏడు కశ్మీర్, 1834లో పెషావర్ ఈ సైన్యం ఖాతాలోవే.

1839లో మహారాజు పోయాక దర్బారులో హత్యలు మొదలయ్యాయి. రాజులు, వజీర్లు ఒకరి వెనక ఒకరు రాలిపోతుంటే సిపాయిలు తమ పటాలాల్లో పంచ్‌లను ఎన్నుకుని, జీతాల దగ్గర్నుంచి రాజ్యం సంగతుల దాకా వాళ్ల చేత మాట్లాడించారు. చాలా పుస్తకాలు దీన్ని అరాచకం అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. జీతాల కోసం వాళ్లు దౌర్జన్యాలు చేసిన మాట నిజమే. కానీ 1840ల్లో పటాలాల్లో ఎన్నికైన ప్రతినిధులు దర్బారుతో ఢీ అంటే ఢీ అన్నారంటే అది ఒక్క ముక్కలో పోయే విషయమేనా?

ఇక మొదటి సిక్కు యుద్ధంలోని ఫిరోజ్‌షా పోరు. 1845 డిసెంబరు 21. కుంపిణీ సేనాపతి గఫ్, ఆయనకు రెండో స్థానంలో సాక్షాత్తూ గవర్నర్ జనరల్ హార్డింజ్. పొద్దు వాలుతుండగా సిక్కు శిబిరం మీద దాడికి దిగారు. ఫిరంగులు వాళ్లను చెండాడాయి. చీకటిపడేసరికి శిబిరంలో సగం వీళ్ల చేతిలో, సగం వాళ్ల చేతిలో. పంజాబు డిసెంబరు చలి, తాగడానికి నీళ్లు లేవు, మందుగుండు అయిపోవస్తోంది. ఆ రాత్రి హార్డింజ్ తన దగ్గరున్న నెపోలియన్ కత్తిని, వెల్లింగ్టన్ బహుమతిగా ఇచ్చినదాన్ని, భద్రమైన చోటికి పంపించేశాడు. తెల్లారితే ఏమవుతుందో ఆయనకు తెలియదన్నమాట. తెల్లారాక శిబిరం కుంపిణీ చేతికి దక్కిందో లేదో, సిక్కు సేనాపతి తేజ్ సింగ్ తాజా సేనతో వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. కుంపిణీ వాళ్ల దగ్గర గుళ్లు లేవు. తేజ్ సింగ్ కాసేపు ఫిరంగులు పేల్పించి, వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయాడు! వజీరు లాల్ సింగ్ అంతకుముందే ఫిరోజ్‌పూర్‌లోని ఇంగ్లిషు అధికారితో ఉత్తరాలు నడుపుతున్నాడు. తమ సైన్యం ఓడితేనే తమ పదవులు నిలుస్తాయనుకున్న నాయకులు వాళ్లు. ఆ రెండు రోజుల్లో కుంపిణీ వైపు చచ్చినవాళ్లు, గాయపడ్డవాళ్లు కలిపి 2,400 దాకా.

1846 ఫిబ్రవరి 10న సోబ్రావ్‌లో ఆ మొదటి యుద్ధం కథ ముగిసింది. తెల్లబట్టలు కట్టుకుని వచ్చిన ముసలి సర్దారు శామ్ సింగ్ అటారీవాలా అక్కడే నేలకొరిగాడు. సట్లెజ్ మీద పడవల వంతెన తెగిపోయి ఎందరో ఏటిపాలయ్యారు. మూడేళ్లకు రెండో యుద్ధంలో చిలియన్‌వాలాలో కుంపిణీకి మళ్లీ రెండు వేలకు పైగా నష్టం. ఆ కబురు వినగానే గఫ్‌ను మార్చాలని లండన్ నిర్ణయించింది. కొత్త సేనాపతి వచ్చేలోపే పంజాబులోని గుజ్రాత్ పట్టణం దగ్గర గఫ్ గెలిచాడు గనక పరువు దక్కింది.

సోబ్రావ్ జరిగిన 1846లోనే కుంపిణీ వాళ్లు ఫిరోజ్‌పూర్‌లో, లూధియానాలో సిక్కు పటాలాలు కట్టారు. ఇవాళ్టి సిక్ రెజిమెంట్ పుట్టుక లెక్క అక్కణ్ణుంచే. 1857 తర్వాత 'యుద్ధ జాతులు' అనే సిద్ధాంతం పైకొచ్చింది. సిక్కులు పుట్టుకతోనే వీరులట, సర్కారుకు విధేయులట. మరి ఆ సిద్ధాంతమే మద్రాసు సైన్యంలోని మన తెలుగువాళ్లను పనికిరారని పక్కనపెట్టింది. సేనాపతి రాబర్ట్స్ హయాం నుంచి మనవాళ్ల భర్తీకి కోత పడింది. డ్రిల్లుతో, పోత ఫిరంగులతో, నెలనెలా కష్టపడి కట్టుకున్న సైన్యాన్ని రక్తంలో ఉన్న గుణం కింద జమకట్టడం పొగడ్త వేషంలో ఉన్న చిన్నచూపు. మనం ఇప్పటికీ ఆ పాటే పాడుతున్నాం. 1915లో ఇంగ్లిషు పాలన మీద తిరుగుబాటుకు దిగిన గదర్ పార్టీ వీరుడు కర్తార్ సింగ్ సరాభాను ఉరితీసినప్పుడూ, 1942లో కెప్టెన్ మోహన్ సింగ్ మొదటి ఆజాద్ హింద్ ఫౌజు కట్టినప్పుడూ ఆ విధేయత ఏమైనట్టు?

ఇదంతా మనకెందుకనే పాఠకులు ఉంటారు. గురు గోవింద్ సింగ్ చివరి రోజులు గడిపింది మన గోదావరి ఒడ్డునే, నాందేడ్‌లో. 1708లో గురువు శిష్యుడు బందా బహదూర్ పంజాబులోని సిర్హింద్ మీదికి బయల్దేరిందీ అక్కణ్ణుంచే. 1956 దాకా ఆ ఊరు హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది. నిజాం మంత్రి చందూలాల్ పెత్తనం నడిచిన 1830ల్లో నిజాం కొలువుకు పంజాబు నుంచి సిక్కు సిపాయిలు వచ్చారు. వాళ్లను రంజిత్ సింగే పంపాడని చెబుతారు. హైదరాబాద్‌లో అత్తాపూర్ దగ్గరి సిక్ ఛావనీ వాళ్లదే. తరాలుగా ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు అక్కడ ఉన్నాయి.

నా విన్నపం ఇదీ. సారాగఢి వ్యాసం మానొద్దు. వచ్చే డిసెంబరు 21న ఫిరోజ్‌షాకు కూడా అంతే చోటివ్వండి, తేజ్ సింగ్ సంగతి దాచకుండా. మీ విలేకరిని ఒకసారి ఛావనీకి పంపండి. పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లు మీ పత్రిక చదువుతారు కాబట్టి వాళ్లకూ ఒక మాట: ఇంటర్ చరిత్రలో ఖాల్సా సైన్యానికి ఒక్క పేజీ పెంచండి, కావాలంటే కోహినూరు పేరా తీసేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
రాజమహేంద్రవరం