బోటు ఎక్కేముందు

హన్మకొండ

స్రవంతి బిడ్డా,

జూలై నాలుగు సెలవులకు అక్కడ అమెరికాలో లేక్ పావెల్ అనే సరస్సులో హౌస్‌బోట్ తీసుకుంటున్నామని, రాత్రంతా ఏసీ కూడా ఉంటుందని అమ్మతో సంబరంగా చెప్పావట. ఏసీ అనగానే నాకు జనరేటర్ మెదిలింది. ఇన్నేళ్లుగా పెళ్లిళ్లకు జనరేటర్లు అద్దెకిచ్చి బతుకుతున్నవాణ్ణి, ఈ ఒక్క విషయంలో నా మాట విను.

ఏ ఫంక్షన్ హాల్‌కు పంపినా జనరేటర్‌ను కిటికీ కింద పెట్టనివ్వను. వైరు ఎంత పొడుగైనా సరే, దూరంగానే పెట్టిస్తాను. పొగయితే కళ్లు మండి జనమే పక్కకు జరుగుతారు. అందులోని కార్బన్ మోనాక్సైడ్ అనే గ్యాస్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్‌కు చోటు లేకుండా చేస్తుంది. ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బోటులో జనరేటర్‌ను దూరంగా పెట్టడం కుదరదు, మీతోనే ఉంటుంది.

నీళ్ల మీద అంతా బయటి గాలే కదా అనుకోకు. 2000 ఆగస్టులో అదే లేక్ పావెల్‌లో ఇద్దరు అన్నదమ్ములు, ఒకడికి 8 ఏళ్లు, ఇంకొకడికి 11, హౌస్‌బోట్ వెనక ఈత కొడుతూ చనిపోయారు. నీళ్లలోకి దిగే ప్లాట్‌ఫాం కింద ఖాళీలో జనరేటర్ విడిచిన గ్యాస్ నిండి ఉంది. అది చదివినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. గట్టు మీద స్పృహ తప్పితే ఎవరైనా లేపుతారు. నీళ్లలో అయితే మునిగిపోతారు, బిడ్డా.

అందుకే ఇంజన్ గానీ జనరేటర్ గానీ ఆడుతుంటే బోటు వెనక వైపు ఎవ్వరినీ నీళ్లలోకి దిగనివ్వకు, ఆ ప్లాట్‌ఫాం మీద కూర్చోనివ్వకు. బోటు నడుస్తున్నా ఇదే మాట. ఆర్టీసీ బస్సు వెనక అద్దానికి దుమ్ము పట్టినట్టు, గాలి వెనక నుంచి సుడి తిరిగి గ్యాస్‌ను లోపలికే తెస్తుంది. పక్కన ఇంకో బోటు జనరేటర్ ఆన్ చేసుకుని ఉంటే, కనీసం 20 అడుగుల ఎడం ఉంచండి.

తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుండటం. ఇవి వస్తే ఎండ దెబ్బనో, బోటు ఊగుడో అనుకుని లోపలికెళ్లి పడుకుంటారు. అదే ప్రమాదం. ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి మొదలైతే ముందు ఇంజన్, జనరేటర్ ఆపండి, అందరూ మంచి గాలిలోకి రండి, 911కి ఫోన్ చేయండి. అక్కడ సిగ్నల్ దొరక్కపోతే సాయం అడగడానికి బోటు రేడియోలో 16వ ఛానెల్ ఉంటుంది. కరోనా అప్పుడు కొన్న ఆక్సీమీటర్ వేలికి పెట్టి, 98 చూపిస్తుందని ధైర్యపడకు. ఈ గ్యాస్ పట్టిన రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ ఉన్న రక్తంగానే లెక్కగడుతుంది.

బోటు అద్దెకిచ్చేవాళ్లను మొహమాటం లేకుండా అడుగు. పడుకునే ప్రతి గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా, జనరేటర్ గ్యాస్ ఏ పక్క నుంచి పోతుంది? టెస్ట్ బటన్ నీ చేత్తోనే నొక్కి చూడు. రాత్రి అది మోగితే నిద్ర పాడవుతోందని బ్యాటరీ తీయొద్దని నీ దోస్తులకు గట్టిగా చెప్పు. బోటువాళ్లు ఏం చెప్పారో డబ్బు కట్టేముందే నాకు వాట్సాప్‌లో పెట్టు.

నీ బాపు